గోల్డెన్ బ్లాండ్ నుంచి మళ్లీ ముదురు రంగుకి: యాభైకి దగ్గరపడ్డాక మార్చుకున్నవాళ్లు ఉన్నారా?

సన్నజాజి (డాలస్)
జూలై 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు మొన్న మార్చిలో 49 నిండాయి. 38వ ఏట చెంపలు బాగా నెరిసినప్పుడు ఇక్కడి సెలూన్ అమ్మాయి ఒక మాట చెప్పింది. "నల్లరంగు వేస్తే మూడు వారాలకోసారి కుదుళ్ల దగ్గర తెల్లగీత కనిపిస్తుంది, హైలైట్స్ చేయిస్తే తెల్లవి వాటిలో కలిసిపోతాయి" అని. అది నిజమే. మొదట తేనెరంగు పాయలు నాలుగైదే. ఏటేటా ఇంకాస్త లేతగా, ఇంకాస్త పైనుంచి చేయించుకుంటూ వచ్చాను. ఇప్పుడు పాపిట నుంచి చివర్ల దాకా గోల్డెన్ బ్లాండే. పదకొండేళ్లు అదే నా గుర్తు అయిపోయింది. ఆఫీసులో కొత్తవాళ్లకి నన్ను చూపించాలంటే "గోల్డ్ హెయిర్ ఆవిడ" అంటారు.

ఇప్పుడు మార్చాలనిపిస్తోంది. జుట్టు తడిగా ఉన్నప్పుడు ఒక వెంట్రుక పట్టుకుని లాగితే రబ్బరులా సాగి తెగిపోతోంది. పొద్దున దిండు గలీబు మీద అంగుళం, అంగుళమున్నర ముక్కలు కనిపిస్తున్నాయి. కుదురుతో ఊడినవి కావు, మధ్యలో తెగినవి. నెలసరి ఆగి రెండేళ్లయింది, అప్పటినుంచి జుట్టు కూడా పలచబడింది. నాది చామనఛాయ. ఈమధ్య ముఖం కాస్త పాలిపోయిందేమో, వీడియో కాల్‌లో చూసుకుంటే ముఖమూ జుట్టూ ఒకే రంగులో కలిసిపోయి కళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు.

ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్లి, రాజమండ్రిలో. ఆ పెళ్లిలో జడ వేసుకోవాలని ఉంది. ఇప్పుడు వేసుకుంటే మూడు పాయల్లో మూడు రంగులు కనిపిస్తున్నాయి.

ఒకేసారి ముదురు రంగు వేయించుకోవచ్చా? మెల్లమెల్లగా మార్చుకోవాలా? ముదురు రంగుకి వెళ్తే తెల్లవెంట్రుకల సంగతేమిటి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

విశాఖతీరం
జూలై 6, రాత్రి 11:15

అక్కా, ఏం చేసినా ఇంట్లో డబ్బా రంగు మాత్రం వేసుకోకండి. నేను రెండేళ్ల కిందట అదే పని చేశాను. నాది మీ అంత లేత రంగు కాదు, సగం జుట్టుకి హైలైట్స్. డబ్బా మీద "ఆష్ బ్రౌన్" అని చూసి, బ్రౌనే కదా అని వేసుకున్నాను. కడిగి ఆరబెట్టుకుంటే కుదుళ్ల దగ్గర ఏ మార్పూ లేదు, చివర్లు మాత్రం పాచిపట్టిన నూతిగట్టు రంగు. నిజంగా ఆకుపచ్చే. మర్నాడు ఆఫీసుకి స్కార్ఫ్ కట్టుకుని వెళ్లాను. మూడు వారాల్లో అది కూడా వెలిసిపోయి, మళ్లీ పసుపు బయటపడింది. సరిచేయించుకోవడానికి పెట్టిన ఖర్చుతో మొదటే మంచి సెలూన్‌లో నాలుగుసార్లు చేయించుకోవచ్చు.

---

శ్రీలక్ష్మి_కేపీహెచ్‌బీ
జూలై 7, ఉదయం 6:50

సన్నజాజి గారూ, నేను హైదరాబాద్‌లో 22 ఏళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. నా దగ్గరికి సరిచేయించుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది విశాఖతీరం గారి లాంటివాళ్లే. కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

జుట్టు రంగులకి ఒకటి నుంచి పది దాకా నంబర్లు ఉంటాయి. ఒకటి నలుపు, పది బాగా లేత బ్లాండ్. మనవాళ్ల జుట్టు మామూలుగా ఒకటికీ మూడుకీ మధ్య ఉంటుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీ చివర్లు ఎనిమిదో తొమ్మిదో అయి ఉంటాయి. బ్లీచ్ పెట్టినప్పుడు వెంట్రుక లోపలున్న నలుపు మొదట పోతుంది, ఎరుపు కనిపిస్తుంది. ఇంకాసేపు ఉంచితే నారింజ, ఆ తర్వాత పసుపు. అంటే మీ జుట్టులో ఇప్పుడు మిగిలింది పసుపు ఒక్కటే. మామూలు బ్రౌన్ జుట్టులో అడుగున ఎరుపూ నారింజా ఉంటాయి, అవి ఉంటేనే అది బ్రౌన్‌లా కనిపిస్తుంది. అడుగున ఏమీ లేని పసుపు మీద బ్రౌన్ వేస్తే బురదరంగు వస్తుంది. ఆష్ రంగుల్లో నీలం పాలు ఎక్కువ. పసుపు మీద నీలం పడితే ఏమవుతుందో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు.

అందుకని ముందు పోయిన వెచ్చదనాన్ని తిరిగి నింపాలి. దీన్ని మేము ఫిల్లర్ అంటాం. మీకు ఐదో నంబరు బ్రౌన్ కావాలనుకోండి. ముందు ఆరు, ఏడు నంబర్ల మధ్య రాగిరంగూ బంగారురంగూ కలిపి చివర్లకి పట్టించి, ఆ తర్వాత దానిమీద ఐదు వేస్తాం. ఫిల్లర్ వేశాక అద్దంలో చూస్తే తల మొత్తం రాగిచెంబులా ఉంటుంది. కంగారు పడకండి, అది మధ్యలో మజిలీ.

ఇంకో సంగతి. బ్లీచ్ అయిన చివర్లు స్పాంజిలాంటివి. రంగుని గబగబా పీల్చుకుని మొదటిరోజు మరీ ముదురుగా కనిపిస్తాయి, తర్వాత అంతే త్వరగా వదిలేస్తాయి. అందుకే చివర్లకి మీరు కోరుకున్న రంగు కంటే ఒక నంబరు లేతగా వేయమనండి. తగ్గితే మళ్లీ పెంచవచ్చు. మరీ నల్లగా అయితే తీయడం నరకం.

కుదుళ్లకీ చివర్లకీ ఒకే మిశ్రమం వేసే సెలూన్ అయితే లేచి వచ్చేయండి. కుదుళ్ల దగ్గర తెల్లవి కప్పాలంటే పర్మనెంట్ రంగు కావాలి, దాంట్లో కలిపే డెవలపర్ (పెరాక్సైడ్) 6 శాతం, అంటే 20 వాల్యూమ్. చివర్లకి అంత అక్కర్లేదు. అమోనియా లేని డెమీ పర్మనెంట్ (మెల్లగా వెలిసిపోయే రంగు), డెవలపర్ 3 శాతమో అంతకన్నా తక్కువో సరిపోతుంది. ఆ చివర్లు ఇప్పటికే పదకొండేళ్ల దెబ్బలు తిన్నాయి.

ఒకటో నంబరు నలుపు జోలికి వెళ్లకండి. జుట్టు పలచబడిందన్నారు. పాపిట వెడల్పైనవాళ్లకి కారునలుపు వేస్తే మధ్యలో మాడు తెల్లటి రోడ్డులా బయటపడుతుంది. నాలుగో ఐదో అయితే ఆ తేడా అంత కొట్టొచ్చినట్టు ఉండదు.

---

గోదారిగట్టు
జూలై 7, ఉదయం 10:05

కెమికల్స్ ఎందుకమ్మా ఇవన్నీ! మా ఇంట్లో మూడు తరాలుగా గోరింటాకు, నీలి ఆకు పొడే. ముందు గోరింటాకు పెట్టి కడిగేసి, మర్నాడు నీలి పొడి. నాకు 57, జుట్టు ఇప్పటికీ నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. సన్నజాజికీ అదే మంచిది.

---

శ్రీలక్ష్మి_కేపీహెచ్‌బీ
జూలై 7, మధ్యాహ్నం 2:30

గోదారిగట్టు అమ్మా, మీ పద్ధతి మీ జుట్టుకి బంగారం లాంటిది. మీ జుట్టుకి ఎప్పుడూ బ్లీచ్ తగల్లేదు. బ్లీచ్ చేసిన జుట్టు మీద నీలి పొడి నేరుగా పెడితే పచ్చగానో నీలంగానో తేలుతుంది. మీరు చెప్పినట్టు ముందు గోరింటాకు పెడితే అదే ఒకరకం ఫిల్లర్, ఎందుకంటే గోరింటాకు ఇచ్చేది ఎర్రటి రంగే. కాబట్టి మీ వరస సరైనదే. చిక్కల్లా ఎంత పడుతుందో ముందు తెలియకపోవడం. ఒక పాయ నల్లగా, ఒక పాయ పచ్చగా వస్తే దాన్ని సరిచేయడం చాలా కష్టం. నీలి పట్టిన జుట్టుకి మళ్లీ బ్లీచ్ పెట్టే మాట మర్చిపోవాల్సిందే. చేయాలనుకుంటే చెవి వెనక ఒక పాయ కత్తిరించి, దానిమీద చేసి చూసుకోవాలి.

బజారులో "బ్లాక్ హెన్నా" అని అమ్మేదాని సంగతి వేరే. గోరింటాకు ఎప్పుడూ నల్లరంగు ఇవ్వదు. పొడి గంటలో నల్లగా చేస్తోందంటే అందులో వేరే ఏదో కలిసినట్టే.

---

వసుధ_ఫార్మసీ
జూలై 7, సాయంత్రం 7:20

ఆ "వేరే ఏదో" చాలాసార్లు పీపీడీ అయి ఉంటుంది. పూర్తి పేరు పారాఫినైలీన్‌డయామైన్. ముదురు రంగుల్లో దీని పాలు ఎక్కువ, లేత రంగుల్లో తక్కువ. సన్నజాజి గారూ, మీరు ఇన్నాళ్లూ బ్లీచ్, దాని పసుపు ఛాయని సరిచేసే టోనరే వాడి ఉంటే మీ ఒంటికి ఇది పెద్దగా అలవాటు ఉండకపోవచ్చు. పదకొండేళ్లుగా రంగు వేయించుకుంటున్నాను, నాకేం కాదులే అనుకోకండి. మీకిది కొత్త రంగు కిందే లెక్క. చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం రాసి 48 గంటలు చూడండి. యూరప్‌లో తలరంగుల్లో పీపీడీ 2 శాతం దాటకూడదని నిబంధన పెట్టింది ఊరికే కాదు.

మా అక్క సంగతి చెప్తాను. పెళ్లిలో చేతికి నల్ల టాటూ లాంటి గోరింటాకు పెట్టించుకుంది, అక్కడ దద్దుర్లు వచ్చి తగ్గాయి. ఆరేళ్ల తర్వాత మొదటిసారి తలకి నల్లరంగు వేసుకుంది. మర్నాడు పొద్దున కనురెప్పలు వాచి కళ్లు తెరుచుకోలేదు, నుదురంతా బొబ్బలు. స్టెరాయిడ్స్‌తో తగ్గడానికి పది రోజులు పట్టింది. ఒకసారి ఒంటికి పడలేదంటే ఆ గుర్తు శరీరంలో ఉండిపోతుంది.

కేన్సర్ భయం ఎవరైనా ఎత్తుతారని ముందే రాస్తున్నాను. 2019 చివర్లో అమెరికాలో సిస్టర్ స్టడీ ఫలితాలు వచ్చాయి. 46 వేలమందికి పైగా స్త్రీలను ఏళ్లతరబడి గమనించారు. పర్మనెంట్ రంగు వాడేవాళ్లలో రొమ్ము కేన్సర్ ముప్పు మొత్తంమీద 9 శాతం ఎక్కువ కనిపించింది, నల్లజాతి స్త్రీలలో 45 శాతం. సెమీ పర్మనెంట్ రంగులతో దాదాపు తేడా లేదు. ఆ అధ్యయనంలో ఉన్నవాళ్లంతా తోబుట్టువుకి రొమ్ము కేన్సర్ వచ్చినవాళ్లు, కాబట్టి ఆ అంకెని అందరికీ యథాతథంగా వర్తింపజేయకూడదు. అలాగని కొట్టిపారేయనూ కూడదు. పర్మనెంట్ రంగు కుదుళ్ల వరకే ఉంచి, మిగతాదానికి డెమీ వాడమన్న శ్రీలక్ష్మి గారి మాట నాకు అన్నివిధాలా నచ్చింది.

---

రాఘవ_ఐండ్‌హోవెన్
జూలై 8, మధ్యాహ్నం 1:10

నేను మగవాణ్ణి, మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఆవిడ డచ్ మనిషి, పుట్టుకతో బ్లాండ్. చిన్నప్పటి ఫొటోల్లో మొక్కజొన్న పీచు రంగు, నలభై వచ్చేసరికి దానంతటదే మసకబారి మట్టిరంగుకి వచ్చింది. ఇక్కడ చాలామందికి ఇలాగే అవుతుంది. 47వ ఏట బ్రౌన్ చేయించుకుంటానంది. మొదటిసారి నాలుగో నంబరు వేయించుకుంది. ఇంటికి రాగానే మా అబ్బాయి "అమ్మకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. ఆమెది బాగా తెల్లని ఒళ్లు, కనుబొమలు కనిపించీ కనిపించనట్టు ఉంటాయి. పైన అంత ముదురు రంగు రాగానే ముఖంలో రక్తం లేనట్టు అయిపోయింది.

తర్వాత వేరే సెలూన్‌లో ఆరో నంబరుకి తెచ్చి, మధ్యమధ్య లేత పాయలు ఉంచి, కనుబొమలకి కూడా కాస్త రంగు వేశారు. ఐదు నెలలు, మూడు సిటింగ్‌లు పట్టింది. ఇప్పుడు చాలా బాగుంది. మీకు కనుబొమలు నల్లగానే ఉంటాయి కాబట్టి ముదురు రంగు మీకు ఇంకా సులువుగా నప్పుతుందని ఆవిడ చెప్పమంది.

---

కావేరి_మెల్‌బోర్న్
జూలై 9, ఉదయం 5:30

నేను కొంచెం వేరే మాట అంటాను. బ్లాండ్ వదిలేయాలని ఇంత గట్టిగా అనుకున్నప్పుడు మళ్లీ ఇంకో రంగు ఎందుకు? తెల్లజుట్టుని వదిలేయండి. బ్లాండ్ నుంచి తెలుపుకి వెళ్లడం నలుపు నుంచి వెళ్లడం కంటే ఎంతో తేలిక, తెల్లగీత కనిపించదు. నేను 52లో అలాగే చేశాను. నెలకి అర అంగుళం లెక్కన పెరిగింది, ఏడాదిన్నరలో భుజాల దాకా వెండిరంగు. మీరు ముదురు రంగుకి మారితే ఆ మూడు వారాల చక్రంలో మళ్లీ పడతారు. మీ సెలూన్ అమ్మాయి పదకొండేళ్ల కిందట చెప్పిన మాట ఇప్పుడూ నిజమే కదా?

---

సన్నజాజి (డాలస్)
జూలై 9, రాత్రి 10:20

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అన్నీ రెండుసార్లు చదివాను.

కావేరి గారూ, మీ మాట నన్ను రోజంతా ఆలోచనలో పడేసింది. మీరు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ నాకు తెల్లజుట్టు ఇంకా ఇష్టంగా అనిపించడం లేదు. అనిపించిన రోజున మీ దగ్గరికే వచ్చి అడుగుతాను. ఇప్పుడు అద్దంలో నా ముఖం నాకు మళ్లీ కనిపించాలి. మా అమ్మకి అరవై దాటాక కూడా వక్కరంగు జుట్టే, ఎండలో మాత్రం కాస్త ఎర్రగా మెరిసేది. ఆ రంగు నా తలలోనూ ఎక్కడో ఉందని తెలుసు, పదకొండేళ్లుగా చూడలేదు. మూడు వారాల చక్రానికి సిద్ధపడే వస్తున్నాను.

శ్రీలక్ష్మి గారూ, మీరు రాసినదంతా ఇంగ్లిష్‌లో ఒక కాగితం మీద రాసుకుని కొత్త సెలూన్‌కి పట్టుకెళ్తాను.

---

సన్నజాజి (డాలస్)
ఆగస్టు 24, సాయంత్రం 6:05

అయిపోయింది! ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

రెండు సెలూన్లు తిరిగాను. మొదటి చోట "ఏముంది, డార్క్ బ్రౌన్ వేసేస్తే గంటలో అయిపోతుంది" అన్నారు. ఫిల్లర్ గురించి అడిగితే అక్కర్లేదన్నారు. వచ్చేశాను. రెండో చోట ఆవిడకి నా వయసే ఉంటుంది. నేను కాగితం తీసేలోపే ఆవిడే "ముందు వెచ్చదనం నింపాలి" అంది. చెవి వెనక నుంచి సన్నటి పాయ కత్తిరించి, మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కని దారంతో కట్టింది. ఒకదానిమీద నేరుగా ఐదో నంబరు. రెండోదానిమీద రాగి ఫిల్లర్, పైన ఐదు. మూడోదానిమీద ఫిల్లర్, పైన నాలుగు. ఆరాక తెల్లకాగితం మీద అంటించి కిటికీ దగ్గర చూపించింది. మొదటిది చూడగానే విశాఖతీరం గుర్తొచ్చింది, అంచున ఆలివ్ రంగు తేలింది. రెండోది మా అమ్మ జుట్టే. ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని దాచుకున్నాను.

అదేరోజు చెవి వెనక రంగు రాసి పంపింది. మూడో రోజు దాకా దురద, ఎరుపు ఏమీ లేవు. తర్వాత శనివారం నాలుగు గంటలు కూర్చున్నాను. ముందు చివర్లు మూడంగుళాలు కత్తిరించింది, అవి ఏ రంగునీ పట్టుకునే స్థితిలో లేవట. కుదుళ్లకి వేరే, మిగతాదానికి వేరే. ఫిల్లర్ వేసి కడిగాక అద్దంలో చూసుకుంటే నిజంగా రాగిచెంబే. ముందే చెప్పి ఉండకపోతే ఏడ్చేసేదాన్ని.

టిప్‌తో కలిపి 370 డాలర్లు. ఎక్కువే. ఇంటికి రాగానే మా ఆయన తలుపు తీసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కాకినాడలో పెళ్లిచూపులప్పుడు ఇలాగే ఉన్నావు" అన్నారు.

ఒక చిన్న సమస్య. మొదటి తలస్నానంలో నీళ్లు టీ డికాక్షన్‌లా పోతున్నాయి. మామూలేనా?

---

శ్రీలక్ష్మి_కేపీహెచ్‌బీ
ఆగస్టు 25, ఉదయం 6:35

చాలా సంతోషంగా ఉందమ్మా! మామూలే. బ్లీచ్ అయిన భాగం నుంచి మొదటి మూడు నాలుగు స్నానాలకి రంగు పోతుంది. వారానికి రెండుసార్లకి మించి తలస్నానం వద్దు. గోరువెచ్చటి నీళ్లు, సల్ఫేట్ లేని షాంపూ. కుంకుడుకాయ, సీకాయ ఈ ఆరు నెలలు పక్కన పెట్టండి. మంచివే కానీ ఇలాంటి జుట్టుని గరుకుగా చేసి రంగుని లాగేస్తాయి. స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తే ముందే మంచినీళ్లతో తల తడిపి కండిషనర్ రాసుకోండి. పూల్‌లో జుట్టు పచ్చబడేది క్లోరిన్ వల్లని అందరూ అనుకుంటారు, అసలు కారణం నీళ్లలో ఉండే రాగి. మీ చివర్ల అడుగున ఇంకా పసుపే ఉంది, మర్చిపోకండి.

నాలుగైదు వారాలకి చివర్లకి మళ్లీ ఒకసారి డెమీ వేయించండి. రెండోసారి వేసింది ఎక్కువకాలం నిలుస్తుంది.

---

విశాఖతీరం
ఆగస్టు 25, ఉదయం 9:00

అక్కా, లిప్‌స్టిక్‌లు కూడా మార్చాల్సి వస్తుంది, చూసుకోండి. నాకు జుట్టు ముదురయ్యాక పాత లేత గులాబీలన్నీ వెలవెలబోయాయి. ఇటుకరంగు, వంగపండు రంగు బాగా నప్పుతున్నాయి.

---

సన్నజాజి (డాలస్)
ఫిబ్రవరి 27, రాత్రి 8:15

పెళ్లి బాగా జరిగింది. వారం కిందటే తిరిగొచ్చాం.

శ్రీలక్ష్మి గారు చెప్పినట్టే సెప్టెంబరులో, మళ్లీ నవంబరులో చివర్లకి వేయించాను. నవంబరు తర్వాత రంగు నిలిచింది. కుదుళ్లకి మాత్రం మూడున్నర వారాలకోసారి తప్పడం లేదు, కావేరి గారి లెక్కే సరైనది. పాపిటలో తెల్లగీత కనిపించే ఆ ఐదారు రోజులు కొంచెం టెన్షన్‌గానే ఉంటుంది. మధ్యలో ఒకసారి పాపిట పక్కకి తీసుకుని నెట్టుకొచ్చాను. దిండు గలీబు మీద ముక్కలు మాత్రం దాదాపు పోయాయి. తడి వెంట్రుక లాగితే సాగడం లేదు.

పెళ్లిరోజు పొద్దున ఆవపువ్వు రంగు పట్టుచీర కట్టుకున్నాను. జుట్టు బంగారురంగులో ఉన్న రోజుల్లో ఆ చీర కడితే మనిషిని ముంచేసేది, బీరువాలోనే ఉండిపోయింది. జడ వేసే అమ్మాయి మూడు పాయలు తీసి, ఒకసారి పరీక్షగా చూసి, "రంగు ఎక్కడ వేయించారండీ, అసలు జుట్టులా ఉంది" అంది. సన్నజాజులు చుట్టింది. మా పెద్దమ్మకి 81, చూపు సరిగా లేదు. వెనకనుంచి నా జడ చూసి మా అమ్మ పేరు పెట్టి పిలిచింది. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. వెనక్కి తిరిగి "నేను పెద్దమ్మా" అన్నాను. దగ్గరకి తీసుకుని జడ నిమురుతూ చాలాసేపు కూర్చుంది.

---

గోదారిగట్టు
ఫిబ్రవరి 28, ఉదయం 7:40

కళ్లు చెమర్చాయమ్మా. మా ఊరి దాకా వచ్చి చెప్పలేదే, వచ్చి అక్షింతలు వేసేదాన్ని. మా చిన్నకోడలికి కూడా హైలైట్స్ ఉన్నాయి, నలుపు చేయించుకుంటానంటోంది. ఈ చర్చంతా దానికి పంపించాను. ఆ మూడు ముక్కల పరీక్షకి ఎంత పొడుగు పాయ కావాలి?

---

సన్నజాజి (డాలస్)
ఫిబ్రవరి 28, ఉదయం 8:30

వేలెడు పొడుగు చాలు పిన్నిగారూ, పెన్సిల్ కన్నా సన్నగా ఉన్నా సరిపోతుంది. బాగా లేతగా ఉన్న చోటు నుంచే తీయమనండి. నలుపు వద్దని, నాలుగు దగ్గరే ఆగమని నా మాటగా చెప్పండి. అంటించిన కాగితం ఫొటో రేపు పెడతాను, కోడలికి చూపించండి.